కుప్పం బస్సులో మహారథవాద సంగ్రామము

హార్స్లీ కొండ నెత్తిన మంచు ఇంకను కరగకమునుపు, టమోటా మండీలో వేలంపాటల కేకలు రణభేరులవలె మిన్నుముట్టుచుండగా, ఇడ్లీపాత్రల ఆవిరి వీధివీధిని మేఘమాలవలె కమ్ముకొనుచుండగా, కలియుగమున, సెల్‌ఫోను శకమున, మాఘమాసపు ఒకానొక ఆదివారమునాడు, ఉదయము ఎనిమిది గంటల నలువది నిమిషములకు, మదనపల్లె బస్టాండను మహాశిబిరమున, పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పము పోవు బస్సునందు, కిటికీ సందునుండి చేతిరుమాలు విసరి ఒక సీటును స్వాధీనపరచుకొనిన వీరుని గాథ ఇది. దిగవలసినచోట దిగనివాని గాథ గనుక, వినువారు తమ తమ స్టాపులను తామే చూచుకొందురు గాక.

ఆ వీరుని పేరు దేవరాజులు. పుంగనూరులోని ఒక హైస్కూలున వ్యాయామోపాధ్యాయుడు. ఆదివారము సైతము మెడలోని విజిలును, నీలి ట్రాక్‌ప్యాంటును విడువని వ్రతనిష్ఠుడు. ఇరువది రెండేండ్లుగా, పెచ్చులూడిన సిమెంటు మైదానమున, వలలేని ఇనుపవలయము క్రింద, పల్లెపిల్లలకు బాస్కెట్‌బాలు నేర్పుచున్న శిక్షాధురంధరుడు. అమెరికాలో రాత్రియైనప్పుడు మనకు తెల్లవారును గనుక, అచటి మహాసమరములను ప్రతి ఉదయమును నోట బ్రష్షు ఉండగనే ఫోనులో వీక్షించువాడు.

అట్టివానికి ఆనాడొక గురుతర కార్యభారము పడెను. వాని అత్తగారు సుశీలమ్మ నలువది దినములుగా నోట పన్నొక్కటియు లేక, జావయే అన్నముగా, పప్పుచారే పరమాన్నముగా దినములు నెట్టుచుండెను. ఆమె మనుమనికి ఆ మధ్యాహ్నమే చెవులు కుట్టు పండుగ. పన్నెండు గంటలకు పంక్తి. పంక్తిలో పొట్టేలు కూర. మదనపల్లె దంతవైద్యుడు చేసియుంచిన కట్టుడుపండ్లు ఆలోపల పుంగనూరు చేరితీరవలెను. తెల్లవారుజామున భర్తను సాగనంపుచు భారతి ఇట్లు ఆజ్ఞాపించియుండెను:

“డాక్టరు కాడ పండ్లు తీసుకో. బస్సెక్కు. పుంగనూర్లో దిగు. అంతే పని. మద్దెలో ఎవురన్నా దొరికినారని బాస్కెట్‌బాలు మాట్లాడతా కూర్చోవద్దు.”

“నేనేమన్నా సిన్నబిడ్డనా?” అని దేవరాజులు పౌరుషముగా పలికెను.

పండ్ల డబ్బా ఒడిలో భద్రముగా ఉండెను. బస్సు కదలెను. అంతవరకు వీరునియందు దోషము లేదు. అయితే ఫోను తెరచినంతనే, ముగ్గురు మహారథులను కోట్లు కుమ్మరించి ఒక్క గూటికి చేర్చుకొనిన నల్లజెర్సీల జట్టొకటి, ప్రఖ్యాతుడొక్కడును లేని దీనజట్టును ఇరువది రెండు పాయింట్ల తేడాతో చీల్చి చెండాడుచుండుట వాని కంటబడెను. వాని ముక్కుపుటములు అదరెను. బొమలు ముడిపడెను. ఎవ్వరితోను మాటలాడరాదన్న ఆజ్ఞ జ్ఞప్తిలోనే ఉండెను గనుక, వాడు తనలో తానే, అయితే బస్సంతయు వినునట్లు, ఇట్లు గర్జించెను:

“ఇదొగ జట్టా? ముగ్గురు మొనగాండ్లని ఒగే పక్క కుప్పేసుకున్యాక ఇంగ ఆడేదేముండాది? ఎదురు టీమోళ్ళు ఇంటికాడ్నే పండుకోవచ్చు గదా!”

“యాల అప్పా? దాంట్లో తప్పేముండాది?”

ఈ ప్రశ్నాస్త్రము నడవకు ఆవలి సీటునుండి వచ్చెను. దేవరాజులు తల త్రిప్పి చూడగా, నల్లని బురఖా ముసుగును నెత్తిపైకి మడిచి, గుడ్డసంచిని గదాయుధమువలె ఒడిలో నిలిపి, అరువదేండ్లు దాటిన ఒక పొడగరి కూర్చుండియుండెను. ఆమె బీబీజాన్. మదనపల్లెలో గాజుల అంగడికి ఏలిక. ఎంత మొండిచేతికైనను గాజు పగులకుండ ఎక్కించు హస్తలాఘవము గలది.

“అమ్మా, నేను బాస్కెట్‌బాలు సంగతి చెప్తాండా,” అని దేవరాజులు దయతో పలికెను.

“నేనేమన్నా గాజుల సంగతి అడిగినానా? ఆ నల్ల జెర్సీలోళ్ళ గురించే గదా. తెల్లారి నమాజు అయినాక ఫోను పెట్టుకోని సగం ఆట సూసే బయలుదేరినా. అప్పుటికే పద్దెనిమిది పాయింట్లు పైన ఉండారు.”

ఆహా! ఏమని వర్ణింతుము ఆ క్షణమును! ఇరువది రెండేండ్లుగా పుంగనూరులో బాస్కెట్‌బాలు మాటలాడుటకు సాటిమనిషి దొరకక, కబడ్డీవారి నడుమ, క్రికెట్టువారి నడుమ, ఎడారిలో ఒంటెవలె తిరిగిన దేవరాజులు హృదయము ఒక్కసారిగా ఉప్పొంగెను. మరుక్షణమే ఆమె ఎదుటిపక్షమన్న స్మృతి కలిగి, ఉప్పొంగిన హృదయము కవచము తొడుగుకొనెను.

“సూడండమ్మా,” అని వాడు ధర్మాస్త్రమును సంధించెను. “యుద్ధమంటే సమానం ఉండల్ల. మొనగాండ్లు తలా ఒగ జట్టులో ఉంటేనే ఆట. నువ్వొగ ఊరికి రాజువు, నేనొగ ఊరికి రాజుని, రాప్పా తేల్చుకుందాం అనల్ల. అంతేగాని నీతో గెలవలేను, నీ పక్కకే వస్తా అంటే వాడు మొగోడా?”

బీబీజాన్ చిరునవ్వు నవ్వెను. “ఓనరు తన ఆటగాన్ని ఇంగో ఊరికి అమ్మేస్తే దాన్ని ట్రేడు అంటారు. అప్పుడు ఎవురూ నోరెత్తరు. ఆ ఆటగాడే ‘నా స్నేహితుని టీములోకి పోతా’ అంటే మాత్రం ద్రోహం అంటారు. సంతలో ఎద్దు మాదిరి నిలబడుకోనుండల్లనా వాడు, ఎవురు పలుపు పట్టుకుంటే వాళ్ళెనక పోయేదానికి?”

పలుపుమాట దేవరాజులు మర్మస్థానమున తగిలెను. వాడు క్షణకాలము కిటికీవంక చూచి, అచట ఊతకర్రల టమోటాతోటలు తప్ప సమాధానమేదియు కానరాక, చరిత్రాస్త్రమును వెలికి తీసెను.

“లాస్ ఏంజెలిస్ వాళ్ళు నలుగురు మహామహుల్ని పెట్టుకోని ఏమైనారు? రెండువేల నాలుగులో డెట్రాయిట్ చేతిలో నాలుగు-ఒకటి! ఆ డెట్రాయిట్‌లో పేరున్న మొనగాడు ఎవుడమ్మా? అయిదు మందీ కలిసి ఆడినారు, గెల్చినారు.”

“అట్లయితే నీకు బాధేముండాది? మొనగాండ్లని కుప్పేసినా ఓడిపోతారని నువ్వే చెప్తాండావే. ఆట సచ్చిపోతాదని ఇంతకుముందు చెప్పిందీ నువ్వే. రెండిట్లో ఒగటి తేల్చుకో అప్పా.”

అయ్యో! తన బాణమే తిరిగివచ్చి తన తొడలోనే నాటుకొనెను. అయినను వీరుడు వెనుదీయలేదు. బ్రూక్లిన్ ముగ్గురు మొనగాండ్లు నిండా పాతిక మ్యాచులైనను కలిసి ఆడక చెల్లాచెదరైన వైనమును కరుణరసమున వర్ణించెను. మయామి వారు మొదటియేడు ఓడినను తరువాత రెండేండ్లు వరుసగా కప్పు గెలిచిన వైనమును ఆమె వీరరసమున ప్రతివర్ణించెను. బస్సులోని జనము రెండు సేనలుగా చీలెను. బాస్కెట్‌బాలనగానేమో ఎరుగకపోయినను, కిటికీవైపువారు దేవరాజులునకు, ఆవలివైపువారు బీబీజానునకు తలలూపుచుండిరి. మునగకాయల కట్టతో ఎక్కిన గంగవరము రైతొకడు మాత్రము ముందుకు వంగి, “గట్టు తగువా అన్నా?” అని సానుభూతితో విచారించెను.

ఇంతలో కండక్టరు కంఠము మ్రోగెను: “పుంగనూరు! దిగేవాళ్ళు దిగండప్పా!”

దేవరాజులు పండ్ల డబ్బాను చేతబట్టి లేచెను. లేచినవాడు ధర్మముగా దిగిపోవలసినవాడే. కాని విధి బీబీజాన్ నోట ఒక్క వాక్యమై పలికెను.

“పో అప్పా, పో. ఓడిపోయినోళ్ళకి ఊరొచ్చేదే మంచి సాకు.”

ఆ మాట చెవినబడగనే లేచినవాడు లేచినట్లే కూలబడెను. అప్పుడే వాని ఫోను మ్రోగెను. భారతి.

“యాడుండావు?”

“వస్తాండా, వస్తాండా. బస్సు ఇంగా పుంగనూరు చేరలేదు. దావలో ఏదో లారీ అడ్డం నిలబడిండాది.”

“అట్లనా? పక్కకి తిరుగు.”

తిరిగి చూచెను. కిటికీకి మూరెడు దూరమున, ఫోను చెవికి ఆనించుకొని, పండుగకు కట్టిన పట్టుచీరెతో, సాక్షాత్తు భారతి నిలిచియుండెను. పూలు కొనుటకై బస్టాండునకు వచ్చినదట. ఉభయులును ఫోనులు దించిరి. 

“దిగు,” అనెను భారతి.

“రెండే నిమిషాలు భారతీ. ఈయమ్మ ఒగ మాటనింది. దానికి జవాబు చెప్పి...”

“బాస్కెట్‌బాలేనా?”

భారతి దృష్టి బీబీజాన్‌పైకి మరలెను. “మీరన్నా చెప్పండమ్మా ఈ మనిషికి.”

“నేను పొమ్మనే చెప్పినా తల్లీ. ఆయప్పే ఓడిపోనంటాండాడు.”

డ్రైవరు హారను మ్రోగించెను. భారతి కిటికీలోనికి చేయి చాచెను. ఆ చేతిలో క్షమ లేదు, కోపమును లేదు; పదునేడేండ్ల కాపురమున గడించిన అనుభవము మాత్రమే ఉండెను.

“పండ్లు ఇచ్చి నువ్వు యాడికన్నా పో!”

దంతసంపద కిటికీ మార్గమున హస్తాంతరమయ్యెను. బస్సు కదలెను. పొట్టేలు కూర, సంగటి, బావమరిది చేత తాంబూలము, సమస్తమును వెనుకకు వెనుకకు పోయి చింతచెట్ల మలుపులో మాయమయ్యెను. దేవరాజులు కండక్టరు వంక తిరిగి, శరీరమును ధారపోయువానివలె పలికెను: “కుప్పం ఒగటి.”

ఇక తృతీయ ఘట్టము.

పుంగనూరు దాటిన పిదప వాని కంఠము మారెను. అమెరికా జట్ల పేర్లు ఒక్కొక్కటే వాని నోటినుండి జారిపోయి, వాని ఊరి మాటలు పైకి తేలెను.

“మీకు తెలియదమ్మా. మాయంటి సిన్న బడోళ్ళం బిడ్డల్ని తయారు చేస్తాం. పెద్ద బడోళ్ళు వచ్చి ఎత్తుకపోతారు. అయిదు మండలాల్లో మంచి బిడ్డల్నంతా ఏరి ఒగ టీములో కుప్పేసి, ఇదిగో మా కప్పు అంటారు. దాన్ని గెలుపంటారా?”

“ఎవుర్ని ఎత్తుకపొయినారు?” అని బీబీజాన్ మెల్లగా అడిగెను.

దేవరాజులు మెడలోని విజిలును వేళ్ళతో త్రిప్పుచు చెప్పెను. షబ్నం అని ఒక బాలిక. ఆరవ తరగతిలో చేరినప్పుడు బాలే ఆమెకంటె పెద్దదిగా కనబడెడిది. నాలుగేండ్లు ఉదయము సాయంత్రము తాను నేర్పెను. ఎడమచేతితో వేయుట రాలేదని ఏడ్చినప్పుడు, కుడిచేతిని తువాలుతో నడుమునకు కట్టి మరీ నేర్పెను. కడచిన జూనులో దూరపు హాస్టలు స్కూలొకటి ఉచితముగా సీటిచ్చి పిలిచెను. పోయెను.

“చెప్పకుండా పొయ్యిందా?”

“చెప్పే పొయ్యింది. వాళ్ళమ్మని తోడుకోని వచ్చింది. నేను స్టోరు రూములో బాల్స్ లెక్కపెడతా ఉండిపోయినా. తిరిగి సూడలా. అర్ధగంట నిలబడుకోని పోయినారు.” విజిలును వదలి మరల పలికెను: “ఉండేది ఆరే బాల్స్ అమ్మా.”

మునగకాయల రైతు గంగవరములో దిగిపోవుచు దేవరాజులు భుజము తట్టి, “పోనీలేన్నా, గట్టు యాడికీ పోదు,” అని ఓదార్చెను.

అప్పుడు బీబీజాన్ గుడ్డసంచిని ప్రక్కన పెట్టి తన గాథను విప్పెను.

“నేను మదనపల్లెలో ఇస్కూలు టీముకు ఆడతాంటి. మా అబ్బా ఎవురేమన్నా వినకుండా పంపిచ్చినాడు. కుప్పంలో మునిరత్నమ్మ అని ఒగామె. అబ్బబ్బ, ఏం ఆట అప్పా అది! జిల్లా క్యాంపులో సెలక్షను పెట్టినారు, రెండు టీములు. మా ఇద్దర్నీ ఒగ టీములో ఏయండి సార్ అని కాళ్ళు పట్టుకుంటిమి. ఇద్దరూ ఒగ పక్కుంటే ఆట రక్తి కట్టదని చెరో పక్క ఏసినారు. మరుసటేడు నాకు నికా అయిపోయింది. నలభై మూడేండ్లాయ. ఒగ మ్యాచి, ఒక్కటంటే ఒక్క మ్యాచి కలిసి ఆడలేకపోతిమి.” ఆమె కిటికీవంక చూచెను. “ఆ బిడ్డకి తనంతటోళ్ళతో ఆడల్లని ఉంటాది గదా సారూ. ఆ ఆశని ద్రోహమంటే ఎట్ల?”

పలమనేరులో బస్సు పది నిమిషములు నిలిచెను. మదనపల్లె మొదలుగా మూడు రణరంగములలో తలవంచని దేవరాజులు, టీ అంగడి ముందర, ఆరిపోవుచున్న గ్లాసును ఒక చేత, ఫోనును మరొక చేత పట్టుకొని, ఎనిమిది నెలలుగా వ్రాయని అక్షరములను వ్రాయసాగెను. వ్రాసెను, చెరిపెను, మరల వ్రాసెను, మరల చెరిపెను. తుదకు పంపినది ఇంతే: “షబ్నం, ఎడమ చెయ్యి మర్చిపోవద్దు. సార్.”

టీ ముగియకమునుపే బదులు వచ్చెను: “మర్చిపోలా సార్. మీరు ఇంగ మాట్లాడరనుకున్యా.”

వాడు ఆ వాక్యమును నాలుగుమారులు చదివి, బస్సెక్కి, బీబీజాన్ ఎదుట ఫోనును ఆయుధమువలె సమర్పించెను. ఆమె చదివి, సంచిలోనుండి ఒక సమోసా తీసి వాని చేతిలో పెట్టెను. యుద్ధములో ఓడినవానికి ఇంతకుమించిన మర్యాదను ఏ శాస్త్రమును చెప్పలేదు. వాడును దానిని గౌరవముతో తినెను.

కుప్పము పొలిమేరలో సుశీలమ్మ ఫోను చేసెను. నలువది దినముల తరువాత ఆమె నోట ప్రతి అక్షరమును టంకారముతో పలుకుచుండెను. “అల్లుడా! పొట్టేలు బో మెత్తగా ఉడికిండాది. నువ్వు కుప్పానికి యాల పోయినావో ఎవురికీ తెలీదు. సరేలే, భద్రంగా రా.”

పన్నెండున్నరకు బస్సు కుప్పము చేరెను. తిరుగుబస్సు ఎప్పుడని విచారింపబోవుచున్న దేవరాజులును బీబీజాన్ రెట్టపట్టి ఈడ్చెను. “యాడికి పోతావు? మునిరత్నమ్మ వచ్చిండాది, సూసి పో. మోకాలు ఆపరేషనయింది దానికి. పరామర్శ చేసేదానికే వచ్చిండాను.”

బస్టాండు ముందర ఒక ఆటోలో, కట్టుకట్టిన కాలు సీటంతయు చాచుకొని, చేతికర్రను రాజదండమువలె నిలిపి, పిడికెడు మనిషి ఒకామె ఆసీనురాలై ఉండెను. ఆమెయే మునిరత్నమ్మ. స్నేహితురాండ్రిద్దరును ఒకరినొకరు కౌగిలించుకొని, ఒకరి నెరసిన జుట్టును మరొకరు వెక్కిరించుకొనిన పిమ్మట, బీబీజాన్ విజయగర్వమున దేవరాజులును ముందుకు నెట్టెను.

“రత్నా, ఈ సారుకు నువ్వే చెప్పు. ఆపొద్దు మనిద్దర్నీ ఒగ టీములో ఏసింటే ఎట్లుండు?”

“ఏసింటేనా?” మునిరత్నమ్మ కర్రను నేలపై తాటించెను. “అయిదు నిమిషాల్లో కొట్టుకోని సచ్చింటిమి.”

బీబీజాన్ నోరు తెరచుకొనెను. “ఏందే నువ్వు సెప్పేది?”

“నీ జన్మలో ఎవురికన్నా బాలు ఇచ్చినావా నువ్వు? క్యాంపులో ఒగ సాయంత్రం ఉత్తుత్తగా ఆడేదానికి మనిద్దర్నీ ఒగ పక్క ఏసినారు గదా. మర్చిపోయినావా? వంటామె కూతురుండే టీము చేతిలో ఓడిపోతిమి. పన్నెండు-నాలుగు!”

“అది మ్యాచా? అది లెక్కకు రాదు!”

“నాలుగూ నువ్వే ఏసినావు. నా చేతికి ఒక్కసారన్నా బాలు రాలా!”

“నువ్వు నా చేతిలోంచి పెరుక్కోబోతివి! సొంత టీము మనిషి చేతిలోంచి!”

“ఇయ్యకపోతే పెరుక్కోకుండా ఏం చెయ్యల్ల?”

నలువది మూడేండ్ల నాటి సాయంత్రము కుప్పము బస్టాండులో ఆటోసాక్షిగా మరల మొదలయ్యెను. బీబీజాన్ బురఖా చేతులు పైకి మడిచెను. మునిరత్నమ్మ కర్రతో గాలిలో కోర్టు గీసి ఎవరు ఎచట నిలిచిరో చూపసాగెను. ఇద్దరి కన్నులలోను నీళ్ళు తిరుగుచుండెను. అవి నవ్వు నీళ్ళో మరేమో ఆటోవాడు తెలిసికొనలేకపోయెను. దేవరాజులు మాత్రము అరటిపండ్ల బండి ప్రక్కన నిలిచి, ఉదయమునుండి తాను విసరిన అస్త్రములన్నియు వమ్మైపోగా, తాను విసరని అస్త్రమొకటి ఎచటినుండియో వచ్చి గురికి తగులుటను కన్నులార చూచుచుండెను.

“అమ్మా,” అని వాడు వినయముగా, అయితే వదలకుండ, పలికెను. “ఇప్పుడేమంటారు?”

బీబీజాన్ వానిని ఎగాదిగా చూచెను. స్నేహితురాలిని ఉరిమి చూచెను. ముసుగు సవరించుకొనెను. ఆకసమున ఒక గ్రద్ద ఆగెను. ఆటో ఇంజను తనంతట తానే ఆగెను.

“సరే అప్పా. ఒగ పాయింటు నీది. ఒకటే!”

అప్పుడు కదా దేవరాజులు మెడలోని విజిలును నోటబెట్టి, తలపైకి పిడికిలి ఎత్తి, చెవులు గింగురుమన ఊదెను! ఆ నాదమునకు బెంగళూరు బస్సు రివర్సు ఆపెను. ఉన్నిటోపీ పెట్టుకొనిన ముసలాయన ఒకడు రైలు వచ్చెనేమోయని సంచి ఎత్తుకొనెను. బండిమీది అరటిపండ్లలో ఒకటి రాలి క్రిందపడెను. వినుడు, లోకులారా! మూడు పట్టణములు దాటి, నూరుకు పైబడిన కిలోమీటర్లు పోరాడి, విందు విడిచి, ఇల్లాలి ఎదుట పట్టుబడి, బస్సులో లెక్కకు మించినన్ని పాయింట్లు సమర్పించుకొని, పుంగనూరు వీరుడు దేవరాజులు, మాఘమాసపు ఆదివారమునాడు, మధ్యాహ్నము పన్నెండు గంటల యేబది నిమిషములకు, కుప్పము బస్టాండున, మదనపల్లె బీబీజాన్‌పై, సాక్షుల సమక్షమున, నిండుగా, నిర్వివాదముగా, ఒక పాయింటు గెలిచెను.